ట్యాబ్ కొనాలా, ఈ-రీడర్ కొనాలా? ముందు మీ పది పుస్తకాలు బయటపెట్టండి

మా బావకు విడవలూరు పక్కన రొయ్యల గుంటలున్నాయి. రాత్రిళ్లు గట్టు మీది షెడ్డులోనే పడుకుంటాడు. పడుకుంటాడని పేరే గానీ, కరెంటు పోయిందంటే వెంటనే జనరేటర్ వేసి నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లు తిప్పాలి, లేకపోతే తెల్లారేసరికి రొయ్య తేలిపోతుంది. అందుకని సగం రాత్రి మేలుకొనే ఉంటాడు. ఆ మెలకువలో చదువుతాడు. పోయిన నెల ఒకరోజు రాత్రి ఒంటిగంటకు ఫోన్ చేశాడు.

"ఏందబ్బయా, నిద్రపోతుండావా? ఫోన్లో చదివి చదివి కళ్లు లాగేస్తుండాయి. ట్యాబ్ తీసుకోమంటావా, కిండిల్ తీసుకోమంటావా?"

"కిండిల్ తీసుకో బావా, కళ్లకు మంచిది" అని చెప్పి మళ్లీ పడుకున్నాను. కిండిల్ అంటే అమెజాన్ వాళ్ల ఈ-రీడర్, పుస్తకాలు చదవడానికే చేసిన పరికరం. పొద్దున కాఫీ తాగుతుంటే గుర్తొచ్చింది, ఆయన ఏం చదువుతాడో అడగనే లేదని. గబగబా ఫోన్ చేసి, "ఆగు బావా, ఇంకా ఆర్డర్ పెట్టలేదు కదా" అన్నాను. పెట్టలేదు. బతికిపోయాను.

ఈ పోలిక గురించి ఇంగ్లీషులో రాసినవి బోలెడున్నాయి. అన్నీ కళ్లు, బ్యాటరీ, బరువు, ఈ మూడింటి చుట్టూనే తిరుగుతాయి. ఇంగ్లీషు నవలలు చదివేవాళ్లకు అది సరిపోతుంది, వాళ్లకు దాదాపు ఏ పుస్తకమైనా స్క్రీనుకు తగ్గట్టు సర్దుకునే రూపంలోనే దొరుకుతుంది కాబట్టి. తెలుగు చదివేవాళ్లకు అసలు తిరకాసు వేరేచోట ఉంది. మన పుస్తకాలు ఏ రూపంలో దొరుకుతున్నాయి అన్నదే ముందు చూసుకోవాలి. కళ్ల సంగతి, బ్యాటరీ సంగతి ఆ తర్వాత.

నా దగ్గర రెండూ ఉన్నాయి. 11 అంగుళాల ట్యాబ్ ఒకటి, 7 అంగుళాల ఈ-రీడర్ ఒకటి. కావలి నుంచి నెల్లూరికి రోజూ రైల్లో అప్ అండ్ డౌన్ చేస్తాను, కాబట్టి చదవడానికి టైము బాగానే దొరుకుతుంది. రెండూ వాడి, రెండింటినీ తిట్టుకుని, రెండింటినీ ఉంచుకున్నవాడి మాటగా తీసుకోండి.

డిజిటల్ పుస్తకం రెండు రకాలు. మొదటిది అక్షరాలుగా ఉండేది, ఈపబ్ లాంటివి. ఇందులో అక్షరం సైజు పెంచితే వాక్యాలు వాటంతట అవే కిందికి సర్దుకుంటాయి. రెండోది పేజీ బొమ్మగా ఉండేది, అంటే స్కాన్ చేసిన పీడీఎఫ్. ఇందులో అక్షరం పెంచాలంటే బొమ్మ మొత్తాన్ని సాగదీయాలి, అప్పుడు పేజీ స్క్రీను దాటిపోతుంది.

తెలుగులో ఇంటర్నెట్‌లో దొరికే పాత పుస్తకాల్లో ఎక్కువ భాగం రెండో రకమే. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కింద స్కాన్ చేసినవి ఇప్పుడు ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ఉన్నాయి. అవన్నీ పేజీ బొమ్మలే, కొన్నిట్లో పేజీ పట్టుకున్నవాళ్ల బొటనవేలు కూడా కనబడుతుంది. కొత్త పుస్తకాలదీ చాలావరకు ఇదే పరిస్థితి. మన డీటీపీ సెంటర్లు ఏళ్ల తరబడి పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కంపోజ్ చేశాయి. అను ఫాంట్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తుపట్టే అక్షరాల పద్ధతి) కావు. కంటికి తెలుగులాగే కనబడినా కంప్యూటర్ లోపల అవి వేరే ఏవో గుర్తులు. వాటిని యూనికోడ్‌లోకి మార్చాలి, మార్చాక తప్పులు దిద్దాలి. అంత పని ఎవరు పెట్టుకుంటారు? పీడీఎఫ్ చేసి పంపేస్తారు.

ఇక అమ్మకం సంగతి. 2016 డిసెంబర్‌లో అమెజాన్ కిండిల్‌లో భారతీయ భాషలు మొదలుపెట్టినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం తీసుకుంది. తెలుగు లేదు. కిండిల్ స్టోర్‌లో తెలుగు పుస్తకాలు అసలే లేవని కాదు, వెతికితే కొన్ని దొరుకుతాయి. కానీ మీకు కావాల్సినవి అందులో ఉండాలి కదా.

ఇప్పుడు ఒక స్కేలు తీసుకోండి. తెలుగు నవల మామూలుగా 1/8 డెమ్మీ సైజులో వస్తుంది, అంటే వెడల్పు ఐదున్నర అంగుళాలు, పొడవు ఎనిమిదిన్నర. 7 అంగుళాల ఈ-రీడర్ అంటారు గానీ ఆ 7 మూల నుంచి మూలకు కొలిచింది. నిలువుగా 5.6, అడ్డంగా 4.2 అంగుళాలే. ఎనిమిదిన్నర అంగుళాల పేజీ 5.6 అంగుళాల్లో పట్టాలంటే మూడింట రెండు వంతులకు కుంచించుకుపోవాలి. అదే పేజీని 11 అంగుళాల ట్యాబ్‌లో పెడితే, దాని వెడల్పు సుమారు 5.8 అంగుళాలు కాబట్టి, అచ్చు పుస్తకం ఎంత ఉందో అంతే కనబడుతుంది. ఒక వెంట్రుక ఎక్కువే.

మూడింట రెండు వంతులంటే ఇంగ్లీషులో పెద్ద నష్టం లేదు. తెలుగులో ఉంది, మన అక్షరం కిందికి కూడా దిగుతుంది కాబట్టి. ‘స్త్రీ’ చూడండి. పైన సకారం, దాని నెత్తిన గుడి దీర్ఘం, కింద త వత్తు, ఆ పక్కన ర వత్తు. నాలుగు సంగతులు ఒకే అక్షరంలో. ‘రాష్ట్రం’, ‘వైశిష్ట్యం’ కూడా ఇంతే. 1950ల నాటి సీసపు అచ్చు, మసక స్కాన్, అందులోనూ చిన్న సైజు. అప్పుడు వత్తు మొత్తం ఒక సిరాచుక్క అయిపోతుంది. పకారం, ఫకారం ఒకటే. దకారానికి కింద గీత ఉందో, దుమ్ము పడిందో తెలియదు. నేను ఈ-రీడర్‌లో ఒక పాత ప్రయాణ కథ చదువుతూ ‘ధనము’ని మూడు పేజీల దాకా ‘దినము’ అనుకునే చదివాను. వాడు రోజులు పోగొట్టుకున్నాడనుకున్నా, తీరా పోయింది డబ్బు.

పెంచి చూడొచ్చు కదా అంటారు. ట్యాబ్‌లో రెండు వేళ్లతో లాగితే వచ్చేస్తుంది. ఈ-రీడర్‌లో పెంచితే వాక్యం కుడివైపు బయటికి పోతుంది. జరపాలి. జరిపినప్పుడల్లా స్క్రీను ఒకసారి నల్లగా మిణుకుమంటుంది. వాక్యం చివరిదాకా వెళ్లి, మళ్లీ ఎడమకి వచ్చి, కింది వరుస పట్టుకునేలోపు చదివింది మరిచిపోతాం. రెండు పేజీలు అట్లా చదివి మూసేశాను.

దీనికి ఒక ఉపాయం లేకపోలేదు. డెమ్మీ పుస్తకంలో చుట్టూ అంచులు తీసేస్తే అచ్చయిన భాగం వెడల్పు నాలుగుంబావు అంగుళాలే ఉంటుంది. కె2పీడీఎఫ్‌ఆప్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కంప్యూటర్లో ఆ అంచులు కత్తిరించి, ఒక్కో పేజీని పై సగం, కింది సగంగా విడగొట్టుకుంటే 7 అంగుళాల రీడర్‌లో అక్షరం దాదాపు అచ్చు సైజుకే వస్తుంది. ప్రతి పేజీకి రెండుసార్లు తిప్పాలి, అంతే. కాస్త ఓపిక, ఒక కంప్యూటర్ ఉన్నవాళ్లకు ఇది పనికొస్తుంది. నేను ఇష్టమైన ఏ నాలుగైదు పుస్తకాలకో చేసుకున్నాను. వారానికి మూడు చదివేవాళ్లు చేయలేరు.

ఇంతవరకు చదివి ఈ-రీడర్ దండగ అనుకోవద్దు. అది ఎందుకు బాగుంటుందో నాకు సాయంత్రం రైల్లో తెలుస్తుంది. నెల్లూరులో ఎక్కి కావలికి వస్తుంటే పడమటి ఎండ ఎడమ పక్క కిటికీలోంచి నేరుగా ఒళ్లో పడుతుంది. ట్యాబ్ తీశానంటే అందులో నా మొహం, నా వెనక నిలబడ్డవాళ్ల మొహాలు, పై బెర్తు మీది సంచీ కనబడతాయి. కథ కనబడదు. వెలుతురు పూర్తిగా పెంచినా అంతే, పైగా బ్యాటరీ కరిగిపోతుంది. ఈ-రీడర్ ఆ ఎండలోనే ఇంకా బాగుంటుంది. తలమంచి దాటి అల్లూరు రోడ్డు వచ్చేసరికి ఎండ ఎంత ముదిరితే అక్షరం అంత నల్లగా తేలుతుంది.

కారణం దాని తయారీలో ఉంది. ట్యాబ్‌లో స్క్రీను వెనక నుంచి దీపం వెలుగుతుంది, మనం ఆ దీపంలోకి చూస్తూ చదువుతాం. ఈ-రీడర్‌లో ఉండేది ఈ-ఇంక్. సన్నటి గుళికల్లాంటివి లక్షల్లో ఉంటాయి, ఒక్కోదాంట్లో తెల్లపొడి రేణువులు, నల్లపొడి రేణువులు తేలుతుంటాయి. కరెంటు తగిలినప్పుడు కావాల్సిన రంగు పైకి వస్తుంది. ఒకసారి పైకి వచ్చాక అక్కడే ఉండిపోతుంది, ఇక కరెంటు అక్కర్లేదు. కాబట్టి కాగితం లాగే బయటి వెలుతురుతోనే కనబడుతుంది, పేజీ తిప్పినప్పుడే కరెంటు తాగుతుంది. అమెరికాలో ఎంఐటీలో 1990ల్లో పుట్టిన ఆలోచన ఇది. 1997లో కంపెనీ పెట్టారు. 2004లో సోనీ ఈ స్క్రీనుతో రీడర్ తెచ్చింది, 2007 నవంబర్‌లో కిండిల్ వచ్చాక అందరికీ తెలిసింది. చీకట్లో చదవడానికి ఇప్పటి రీడర్లలో చిన్న దీపాలున్నాయి, కానీ అవి స్క్రీను అంచుల నుంచి పేజీ మీద పడతాయి, కళ్లలో పడవు.

బ్యాటరీ గురించి ఒక్క లెక్క చెప్తాను. 2024లో వచ్చిన కిండిల్ పేపర్‌వైట్‌కు 12 వారాల బ్యాటరీ అని కంపెనీ చెప్పుకుంటుంది. రోజుకు అరగంట చదివితే, వైఫై ఆపేస్తే అని కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. 12 వారాలు, రోజుకు అరగంట, అంటే మొత్తం 42 గంటలు. రోజుకు రెండు గంటలు చదివేవాళ్లకు మూడు వారాలు. అయినా గొప్పే. ట్యాబ్‌కు పది గంటలొస్తే ఎక్కువ.

బరువు చేతికి తెలుస్తుంది. ఆ పేపర్‌వైట్ 211 గ్రాములు. 11 అంగుళాల ట్యాబ్ అర కిలోకి కొంచెం తక్కువ, పౌచ్ వేస్తే అర కిలో దాటుతుంది. నిలబడి ఒక చేత్తో పైన కడ్డీ పట్టుకుని ఇంకో చేత్తో అర కిలో బిత్రగుంట దాకా మోసి చూడండి.

కళ్ల మంచిచెడ్డల గురించి చాలా మాటలు తిరుగుతుంటాయి. స్క్రీను నుంచి వచ్చే నీలి వెలుతురు కళ్లను పాడుచేస్తుందనడానికి రుజువు లేదని అమెరికా కంటి వైద్యుల సంఘమే చెబుతుంది. కళ్లు లాగడానికి ముఖ్య కారణం రెప్ప తక్కువగా కొట్టడం, దగ్గర దూరంలో కదలకుండా చూడటం. ఈ-రీడర్‌లో కూడా మూడు గంటలు రెప్ప వేయకుండా చదివితే కళ్లు మండుతాయి. నిద్ర సంగతి మాత్రం వేరు. 2014లో అమెరికాలో 12 మందిని పెట్టి ఒక పరిశోధన చేశారు. పడుకునే ముందు నాలుగు గంటలు కొన్నాళ్లు అచ్చు పుస్తకం, కొన్నాళ్లు వెలుగు స్క్రీను చదివించారు. స్క్రీను చదివిన రోజుల్లో నిద్ర పట్టడానికి సుమారు పది నిమిషాలు ఎక్కువ పట్టింది. తమాషా ఏమిటంటే, దాన్ని చూపించి చాలామంది ఈ-రీడర్‌ను తిడతారు, తీరా అందులో వాడింది ఐప్యాడ్, అదీ పూర్తి వెలుతురులో పెట్టి.

నా మటుకు నాకు రాత్రి చదువుకు ఈ-రీడరే మంచిది. కారణం వెలుతురు కాదు, వాట్సాప్. అందులో వాట్సాప్ లేదు. ట్యాబ్‌లో పదో పేజీ చదువుతుంటే పైన చిన్న గీతలాంటిది జారుతుంది, పెళ్లి ఫొటోలు వచ్చాయని. చూసి వచ్చేసరికి అరగంట. నోటిఫికేషన్లు ఆపుకోవచ్చు అంటారు. ఆపుకున్నా అది అక్కడ ఉందని మనసుకు తెలుసు.

పద్యాలు చదివేవాళ్లు ఈ పేరా ఆగి చదవండి. తిక్కన గారి ఊరివాళ్లం, ఆమాత్రం పట్టింపు ఉండాలి. అక్షరాలుగా ఉండే ఈపబ్‌లో సైజు పెంచితే వాక్యం విరిగి కిందికి వస్తుంది. వచనానికి అది వరం, పద్యానికి శాపం. ఉత్పలమాల పాదం రెండుగా విరిగి, చివరి రెండు అక్షరాలు ఒంటరిగా కింది వరుసలో కూర్చుంటాయి. సీస పాదమైతే మూడు ముక్కలు. కంటితో యతి వెతుక్కునే అలవాటున్నవాళ్లకు తిక్క రేగుతుంది. పద్యకావ్యాలకు పేజీ ఉన్నది ఉన్నట్టు కనబడే స్కానే మేలు, కాబట్టి ట్యాబే మేలు. పైగా అర్థం తెలియని మాట వస్తే అదే ట్యాబ్‌లో ఆంధ్రభారతి వెబ్‌సైటు తెరిచి నిఘంటువులన్నీ ఒకేసారి వెతకొచ్చు. ఈ-రీడర్‌లో మాట మీద వేలు పెట్టి పట్టుకుంటే అర్థం చూపించే సదుపాయం అద్భుతంగా ఉంటుంది, అది ఇంగ్లీషుకి. ఇంగ్లీషు నవలలు కష్టపడి చదివే పిల్లలకు ఆ ఒక్కదాని కోసమే కొనివ్వొచ్చు.

తెలుగు ఈపబ్‌లు అసలు ఎక్కడ దొరుకుతాయి అంటే, వికీసోర్స్‌లో. స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు పాత పుస్తకాలను యూనికోడ్‌లో ఎక్కించి తప్పులు దిద్ది పెట్టారు. అక్కడి నుంచి ఈపబ్‌గానే దించుకోవచ్చు. రచయిత పోయి 60 ఏళ్లు దాటితే మన దేశంలో కాపీరైటు తీరిపోతుంది. మన కవికోకిల దువ్వూరి రామిరెడ్డి గారు 1947లో పోయారు, కాబట్టి ఆయన రచనలు 2008 నుంచి అందరివీ. బతికున్న రచయితల పుస్తకాలు టెలిగ్రామ్ గ్రూపుల్లో పీడీఎఫ్‌లుగా తిరుగుతుంటాయి. అవి చదివి, ‘తెలుగులో ఎవరూ రాయడం లేదు’ అని నిట్టూర్చేవాళ్లు నాకు రోజూ రైల్లో కనబడతారు.

యూనికోడ్ తెలుగు కూడా అన్ని రీడర్లలో ఒకేలా కనబడదు. అక్షరాలు కలిపే పని సరిగా చేయని చోట ‘స్త్రీ’ పోయి ‘స్‌త్‌రీ’ అని పొల్లులతో విడివిడిగా వస్తుంది. అందుకే ఎవరి దగ్గరైనా ఆ మోడల్ ఉంటే ఒక తెలుగు ఈపబ్ ఎక్కించి చూడండి. అక్షరం కుదురుగానే ఉండి రూపం మాత్రం నచ్చకపోతే ఇబ్బంది లేదు. కిండిల్‌లో, కోబో కంపెనీ రీడర్లలో మన ఫాంటు మనం వేసుకోవచ్చు. కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి అందులోని ఫాంట్ల ఫోల్డర్‌లో పడేస్తే చాలు. నేను మండలి ఫాంటు వాడతాను. వత్తులు విడిగా, స్పష్టంగా ఉంటాయి.

కిండిల్‌కు పుస్తకాలు పంపడం తేలికే. ఈమెయిల్ ద్వారా 50 ఎంబీ దాకా, వెబ్‌సైటు ద్వారా 200 ఎంబీ దాకా తీసుకుంటుంది. పాత స్కాన్లు కొన్ని అదీ దాటుతాయి, అప్పుడు కేబులే గతి. ఈపబ్‌ను కూడా 2022 నుంచి పంపనిస్తున్నారు. అయితే ఒకటి గుర్తుంచుకోండి, కిండిల్‌లో కొన్న పుస్తకం మన అలమారాలో పుస్తకం లాంటిది కాదు. 2009లో హక్కుల గొడవ వచ్చి, అమెజాన్ తను అమ్మిన పుస్తకాలనే కొన్నవాళ్ల కిండిల్‌ల నుంచి దూరం నుంచే చెరిపేసింది. తర్వాత తప్పు ఒప్పుకుంది. 2025 ఫిబ్రవరి 26 నుంచి కొన్న పుస్తకాన్ని కంప్యూటర్‌లోకి దించుకునే పాత దారి కూడా మూసేసింది. కోబో ఈపబ్‌ను ఉన్నదున్నట్టు తీసుకుంటుంది. నెల్లూరులో కూర్చుని దాన్ని తెప్పించుకోవడం, పాడైతే బాగుచేయించుకోవడం మాత్రం తలనొప్పే.

పాడవడం అంటే గుర్తొచ్చింది. నా మొదటి ఈ-రీడర్ రెండేళ్లకే పోయింది. సంచిలో స్టీలు క్యారియర్ పక్కన పెట్టాను. కావలిలో జనం తోసుకుని ఎక్కారు. కూర్చుని తీసి చూస్తే పై సగంలో కథ ఉంది, కింది సగంలో నిలువు గీతలు. బయటి గాజుకు చిన్న గీటు కూడా లేదు. ఈ-ఇంక్ పొర వెనకాల పల్చటి గాజు ఉంటుంది, విరిగేది అదే. ట్రంకు రోడ్డులో ఫోన్లు బాగుచేసే షాపులు నాలుగు తిరిగాను. ఒకాయన తిప్పి తిప్పి చూసి, "ఇది ఫోనా సార్?" అన్నాడు. ఇంకొకాయన స్క్రీను తెప్పిస్తానన్నాడు గానీ, ఆయన చెప్పిన రేటుకు ఇంకో నాలుగు వేలు కలిపితే కొత్తదే వస్తుంది. ట్యాబ్ అయితే పగిలిన గాజు ఆ వీధిలోనే సాయంత్రానికి మారుస్తారు. ఈ-రీడర్ కొంటే గట్టి అట్టలాంటి కవరు కూడా ఆరోజే కొనండి, క్యారియర్‌ని వేరే సంచిలో పెట్టుకోండి.

ఎండ గురించి కూడా. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఐప్యాడ్‌ను 35 డిగ్రీల లోపు వాడమని ఆపిల్ చెబుతుంది. మేలో మన ఇంట్లో ఫ్యాను కిందే అంతకంటే ఎక్కువ. మిద్దె మీద ఎండలో వదిలేస్తే ట్యాబ్ వేడెక్కి తనంతట తనే వెలుతురు తగ్గించుకుంటుంది, ఇంకా వేడెక్కితే చల్లబడే దాకా పనిచేయనంటుంది. ఈ-రీడర్‌ను కూడా కారు డాష్‌బోర్డు మీద పెట్టి మరిచిపోకండి. మైపాడు బీచికి తీసుకెళ్లేవాళ్లకు మాత్రం పేపర్‌వైట్ నీళ్లు పడినా తట్టుకుంటుంది. కంపెనీ హామీ మంచినీళ్లకు, రెండు మీటర్ల లోతుకు, గంటసేపటికి. ఉప్పునీళ్లు పడితే వెంటనే మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాలి.

గ్రూప్స్‌కి, బ్యాంకు పరీక్షలకి చదివే పిల్లలు అడిగితే నేను రెండో మాట లేకుండా ట్యాబ్ అంటాను. వాళ్ల మెటీరియల్ అంతా ఏ4 సైజు పీడీఎఫ్‌లు, మ్యాపులు, రంగు పట్టికలు. పక్కన క్లాసు వీడియో కూడా ఉంటుంది. గీత గీసుకోవాలి, రాసుకోవాలి. ఒంగోలులో కోచింగ్‌కు వెళ్లే మా పక్కింటి కుర్రాడు అందరూ మెచ్చుకుంటున్నారని ఈ-రీడర్ కొన్నాడు. ఇప్పుడు అది వాళ్ల చెల్లెలి దగ్గర ఉంది. ట్యాబ్ కొంటే సిమ్ వేసేది కాకుండా వైఫైది చాలు. డబ్బూ తగ్గుతుంది, బస్సులో రీల్సూ తగ్గుతాయి.

మా అమ్మకు రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది. ఆమెకు కావాల్సింది పొద్దున పేపరు, వారపత్రిక. ఈ-పేపర్‌లో వార్త మీద నొక్కితే అది ఒక్కటీ పెద్దదై వస్తుంది. ట్యాబ్‌ను స్టాండులో నిలబెట్టి ఇచ్చాం. మధ్యాహ్నం చదవలేనప్పుడు, అక్షరాలుగా ఉన్న పుస్తకమైతే ట్యాబే తెలుగులో చదివి వినిపిస్తుంది. ఆ గొంతు పద్యాన్ని ఆర్టీసీ బస్టాండులో అనౌన్స్‌మెంట్ లాగా చదువుతుంది గానీ, కథలకు ఫర్వాలేదు.

రెండూ కలిసొచ్చేలా 10 అంగుళాల ఈ-ఇంక్ రీడర్లు కూడా ఉన్నాయి. బూక్స్ లాంటి వాటిలో ఆండ్రాయిడ్ ఉంటుంది, మనకు కావాల్సిన యాప్ వేసుకోవచ్చు. తెలుగు స్కాన్లకు కొలత ప్రకారం అవే సరైనవి. వాటి ఖరీదుకు మామూలు ట్యాబ్ ఒకటి, చిన్న రీడర్ ఒకటి రెండూ వచ్చేస్తాయి కాబట్టి నేను కొనలేదు. చేతిలో డబ్బుండి రోజుకు నాలుగు గంటలు పాత పుస్తకాలే చదివేవాళ్లు ఆలోచించొచ్చు. రంగు ఈ-ఇంక్‌వి వద్దనే చెప్తాను. నలుపు తెలుపులో అంగుళానికి 300 చుక్కలుంటే రంగులో 150కి పడిపోతాయి. వారపత్రిక అట్ట వెలిసిపోయిన చీరలా ఉంటుంది.

ధరలంటారా, పేపర్‌వైట్ 2025లో మన దేశంలో 16,999 రూపాయలకు వచ్చింది. 11 అంగుళాల ఐప్యాడ్ అదే ఏడాది 34,900. చదవడానికే అయితే ఐప్యాడ్ అక్కర్లేదు, దాని సగం ధరకు దొరికే ఆండ్రాయిడ్ ట్యాబ్ చాలు. కొనేటప్పుడు స్క్రీను చుక్కలు మాత్రం చూడండి, 1920 x 1200కు తగ్గకూడదు. ఆన్‌లైన్లో చవగ్గా కనబడే 8.7 అంగుళాల ట్యాబ్‌లలో 1340 x 800వి ఉంటాయి. వాటిలో మళ్లీ ‘ధనము’, ‘దినము’ గొడవ మొదలవుతుంది.

ఇప్పుడు పరీక్ష. ఏమీ కొనకముందే చేయండి. ఈ ఏడాది చదివిన పది పుస్తకాల పేర్లు, చదవాలనుకుంటున్న పది పేర్లు ఒక కాగితం మీద రాయండి. ఒక్కోటి ఏ రూపంలో దొరుకుతుందో పక్కన రాయండి: స్కానా, ఈపబ్బా, కిండిల్ స్టోరా, అచ్చు పుస్తకమేనా. కిండిల్ యాప్ ఫోన్లో ఉచితంగానే వస్తుంది, అందులో పేర్లు కొట్టి చూడండి. ఇరవైలో సగం దాటి స్కాన్లయితే ట్యాబ్. సగం దాటి ఇంగ్లీషు, లేదా ఈపబ్ తెలుగు అయితే ఈ-రీడర్. సగం దాటి అచ్చులోనే దొరికేవైతే ఆ 17 వేలకు పుస్తకాలే కొనుక్కోండి. అట్లా తేలినవాళ్లు కూడా ఉన్నారు.

మా బావ చేత ఇదే రాయించాను. చదివిన పదింట్లో ఏడు ఆర్కైవ్ నుంచి దించుకున్న పాత డిటెక్టివ్ నవలలు, రెండు రొయ్యల సాగు మీద పీడీఎఫ్‌లు, ఒకటి భారతం. ఇక చెప్పేదేముంది, ట్యాబ్ తీసుకున్నాడు. చెన్నైలో ఇంజనీరింగ్ చదువుతూ పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో వచ్చిపోయే వాళ్ల అమ్మాయి జాబితాలో పదికి తొమ్మిది ఇంగ్లీషు నవలలు. ఆ పిల్లకు ఈ-రీడర్ కొనిపెట్టాడు.

మొన్న మళ్లీ రాత్రిపూట ఫోన్. "అబ్బయా, అక్షరాలు బెమ్మాండంగా ఉండాయి గానీ, గట్టు మీద ఈ వెలుతురుకు పురుగులన్నీ వచ్చి పేజీ మీదే వాలతుండాయి. తుడిస్తే పేజీ తిరిగిపోతుంది." నల్ల పేజీ మీద తెల్ల అక్షరాలు వచ్చేలా ఎట్లా మార్చాలో ఫోన్లోనే చెప్పాను. కాసేపు అటునుంచి ఏరేటర్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత, "ఆఁ, పొయినాయి. పెట్టెయ్, హంతకుడు దొరికే చోటుండా" అన్నాడు.